చిన్న తయారీదారుల రెండు మెకానికల్ వాచీల్లో ఒకదాన్ని ఎంచుకోవడం ఎలా? బరంపురం నుంచి జయపురం దాకా ఉన్నవారికి సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. పెద్ద కంపెనీలను పక్కనబెట్టి, చిన్న స్వతంత్ర తయారీదారుల మెకానికల్ (సెల్లు లేకుండా కీతో నడిచే) వాచీల్లో రెండింటిని ఏరుకున్నాం, ధర ఇంచుమించు ఒకటే, రెండూ నచ్చాయి, ఇప్పుడు దేన్ని కొనాలి?

ఈ తయారీదారులు ఎక్కువగా సొంత వెబ్‌సైటు ద్వారానే అమ్ముతారు కాబట్టి, చేతిలోకి తీసుకుని చూసి కొనే అవకాశం మన పట్టణాల్లో దాదాపుగా ఉండదు. చాలామంది డయల్ రంగుతో మొదలుపెట్టి, ధర చూసి, డబ్బు కట్టిన తరువాత మరమ్మతు గురించి ఆలోచిస్తారు. ఆ వరుసను తలకిందులు చేయాలన్నదే ఈ మార్గదర్శి సారాంశం. ముందు మరమ్మతు, తరువాత మణికట్టు, ఆపైన నీరు, డబ్బు, చిట్టచివర డయల్.

1. పోల్చడానికి ముందు సమకూర్చుకోవలసినవి

ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒక్కో వాచీకి ఒక్కో వైపు కేటాయించండి. వెబ్‌సైటులో దొరకని వివరాన్ని ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలే తరువాత తయారీదారుకు పంపే ప్రశ్నలవుతాయి.

• మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) తయారీదారు పేరు, నంబరు
• కేసు (వాచీ లోహపు ఒళ్లు) వ్యాసం, మందం (అద్దంతో కలిపి), పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస వరకు పొడవు (కొమ్ములంటే పట్టీ తగిలించే కొసలు)
• పట్టీ వెడల్పు, పట్టీతో సహా బరువు
• నీటి నిరోధకత, కీ (పక్కన ఉండే తిప్పుడు బొత్తాం) మర బిగించేదా కాదా
• వారంటీ కాలం, సర్వీసింగు ఎక్కడ చేస్తారన్నది
• ఇంటికి చేరేసరికి అయ్యే మొత్తం ధర

మీ రోజు ఎలా గడుస్తుందో కూడా నాలుగు వాక్యాలు రాసుకోండి. వైద్య కళాశాల ఆసుపత్రిలో నాడి చూసే ఉద్యోగికి సెకన్ల ముల్లు దూరానికి కూడా స్పష్టంగా కనిపించాలి, సెకన్ల గీతలు లెక్కపెట్టేలా ఉండాలి. కోరాపుట్ ఘాట్ దారుల్లో రోజూ బైకు నడిపేవారికి బరువు తక్కువగా ఉండి, మణికట్టుపై జారని వాచీ కావాలి. ఈ నాలుగు వాక్యాలు రాయకుండా పోలికకు కూర్చుంటే, ఇతరుల అవసరాలకు తగిన వాచీని కొనే ప్రమాదం ఉంది.

2. మూవ్‌మెంట్ పేరు, నంబరు రాబట్టండి

వివరాల పట్టికలో "జపాన్ ఆటోమేటిక్" (ఆటోమేటిక్ అంటే చేతి కదలికకే కీ ఎక్కేది) అనో "స్విస్ మూవ్‌మెంట్" అనో రాసి ఊరుకుంటే సరిపోదు. నంబరు కావాలి. చిన్న తయారీదారుల్లో అత్యధికులు మూవ్‌మెంట్‌ను బయట కొని తమ కేసులో అమరుస్తారు. అందులో తప్పేమీ లేదు, పైగా మనకు అదే మేలు. ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

తరచుగా ఎదురయ్యేవి మూడు.

సీకో ఎన్‌హెచ్35 గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, పూర్తిగా కీ ఇస్తే దాదాపు 41 గంటలు నడుస్తుంది. రోజుకు 20 సెకన్లు వెనకబడటం నుంచి 40 సెకన్లు ముందుకు పోవడం దాకా తయారీదారు ప్రకటించిన హద్దు. నిజానికి చాలా వాచీలు ఇంతకంటే మెరుగ్గానే నడుస్తాయి, కానీ వారంటీలో వాదించడానికి పనికొచ్చేది ప్రకటించిన హద్దే. మందం 5.32 మి.మీ. కాబట్టి కేసు కూడా కాస్త లావవుతుంది.

మియోటా 9015 గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, నిల్వ 42 గంటలు, హద్దు రోజుకు −10 నుంచి +30 సెకన్లు. మందం 3.9 మి.మీ. మాత్రమే కావడంతో సన్నని వాచీ సాధ్యమవుతుంది. తేదీ లేని రూపం 9039. చేతి కదలికకు తిరిగే దీని లోపలి బరువు చక్రం ఒక దిశలోనే కీ ఎక్కించి, రెండో దిశలో ఊరికే గిర్రున తిరుగుతుంది; నిశ్శబ్దమైన గదిలో ఆ చప్పుడు వినబడుతుంది. అది లోపం కాదు, దాని స్వభావం. ఆ చప్పుడు భరించలేనివారు ఇక్కడే నిర్ణయించుకోవాలి.

సెలిటా ఎస్‌డబ్ల్యూ200-1 కూడా 28,800 వేగంతో నడుస్తుంది, మందం 4.6 మి.మీ. ఇందులో స్టాండర్డ్, స్పెషల్, ప్రీమియం, క్రోనోమీటర్ అనే శ్రేణులున్నాయి. నంబరు ఒకటే అయినా శ్రేణి మారితే సర్దుబాటు నాణ్యత, ధర మారిపోతాయి కాబట్టి శ్రేణి పేరు తప్పక అడగండి. రోజూ చేత్తో గట్టిగా కీ ఇచ్చే అలవాటు ఉన్నవారికి ఇది అంత అనువైనది కాదు. దీని కీ పళ్ల చక్రాలు ఆ వాడకానికి త్వరగా అరుగుతాయని మెకానిక్కులు చెబుతారు. ఆగిపోయిన వాచీని నడిపించడానికి 20, 30 చుట్లు ఇచ్చి, మిగతాది చేతి కదలికకు వదిలేయాలి.

తయారీదారు సొంత పేరు, సొంత నంబరు పెట్టి ఉంటే "దీనికి మూలమైన మూవ్‌మెంట్ ఏది, మీరు మార్చిన భాగాలేవి?" అని సూటిగా అడగండి. మూలం సుపరిచితమై, మార్పు అలంకారానికే పరిమితమైతే ఇబ్బంది లేదు. జవాబు దాటవేస్తే ఆ వాచీ పేరు మీద ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టండి.

రెండింటిలోనూ ఒకే మూవ్‌మెంట్ ఉందని తేలితే ఈ మెట్టు వదిలేసి ముందుకు వెళ్లవచ్చు. వెనక అద్దంలోంచి కనిపించే చెక్కడాలు, నీలి మరలు పోలికలోకి రావు.

3. అయిదేళ్ల తరువాత దీన్ని ఎవరు విప్పుతారు?

అన్నింటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసినది ఇక్కడ. మెకానికల్ వాచీకి సుమారు అయిదేళ్లకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. మన ఊళ్లలో వాచీ దుకాణాలకు వచ్చే పనిలో ఎక్కువ భాగం సెల్లు మార్చడం, చైను కుదించడం, పట్టీ వేయడం. హెచ్ఎంటీ కీ వాచీలు విప్పి చేయి తిరిగిన పెద్దవారు అక్కడక్కడ ఉన్నారు. వారిలో ఆటోమేటిక్ పని చేసేవారెవరో, కొత్త మూవ్‌మెంట్‌కు తగిన పనిముట్లు ఎవరి దగ్గర ఉన్నాయో మీరే వెళ్లి కనుక్కోవాలి.

కొనకముందే, రెండు నంబర్లూ రాసిన చీటీతో మెకానిక్ దగ్గరకు వెళ్లి ఇవి అడగండి.

• ఈ నంబరు మూవ్‌మెంట్‌ను ఇంతకుముందు పూర్తిగా విప్పి బిగించారా?
• విడిభాగాలు ఎక్కడి నుంచి తెప్పిస్తారు, ఎన్ని రోజులు పడుతుంది?
• వేగం, ఊపు చూపించే టైమింగ్ మిషను ఉందా?
• వెనక మూత బిగించాక నీటి ఒత్తిడి పరీక్ష చేయగలరా?

నాలుగో ప్రశ్నకు మన పట్టణాల్లో "లేదు" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అప్పుడు భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో ఒక దుకాణాన్ని ముందుగానే చూసి పెట్టుకోవాలి. బరంపురం, రాయగడలనుంచి ఆ రెండింటికీ నేరుగా రైళ్లున్నాయి కాబట్టి ఇది పెద్ద అడ్డంకి కాదు. జయపురం, మల్కన్‌గిరి వైపువారు మాత్రం ఆ ప్రయాణాన్ని కూడా ఖర్చులో రాసుకోవాలి.

ఎన్‌హెచ్35 లాంటి మూవ్‌మెంట్‌కు మరొక దారి ఉంది. మొత్తం మూవ్‌మెంట్‌నే తీసేసి కొత్తది అమర్చవచ్చు. అది కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది, చాలాసార్లు పూర్తి సర్వీసింగు కంటే చౌక. శుద్ధవాదులు ముఖం చిట్లిస్తారు గాని, దగ్గరలో నిపుణుడు లేని ఊళ్లో ఉన్నవారికి ఇది నిజమైన సౌకర్యం.

దీనికి భిన్నంగా, తయారీదారు సొంతంగా చేసుకున్న మూవ్‌మెంటో, బాగా మార్చిన మూవ్‌మెంటో అయితే అది తిరిగి ఆ తయారీదారు దగ్గరకే వెళ్లాలి. చిన్న సంస్థ మూతపడితే ఆ వాచీకి దిక్కు ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మన ప్రాంతంలో మొదటి మెకానికల్ వాచీ కొనేవారు, అది ఎంత అందంగా ఉన్నా, అలాంటి మూవ్‌మెంట్ జోలికి పోకూడదు.

ఆపై తయారీదారుకు ఉత్తరం రాయండి. జవాబులోని విషయమే కాదు, జవాబు వచ్చిన తీరు కూడా సమాచారమే. అడగవలసినవి:

• వారంటీలో మరమ్మతు అవసరమైతే భారతదేశంలోనే చేస్తారా, వాచీని విదేశానికి పంపాలా?
• రవాణా ఖర్చు, బీమా ఎవరివి?
• అద్దం, కీ, ముళ్లు, రబ్బరు వాషర్లు విడిగా అమ్ముతారా?
• బయటి మెకానిక్ వెనక మూత తెరిస్తే వారంటీ పోతుందా?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. మూవ్‌మెంట్ భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఆ కేసుకే సరిపోయే కీ, ఆ డయల్‌కే తగిన ముల్లు తయారీదారు దగ్గర తప్ప దొరకవు.

ఈ మెట్టులో ఒక వాచీ స్పష్టంగా ఓడిపోతే పోలిక ఇక్కడే ముగిసినట్టు. మార్కులు వేసి కూడే పట్టికలు చాలామంది వాడతారు, కానీ వాటిని నేను సిఫారసు చేయను. అందమైన డయల్‌కు పడిన తొమ్మిది మార్కులు, విడిభాగాలు దొరకవన్న సంగతిని కప్పేస్తాయి.

4. మణికట్టు కొలత, అట్టముక్క పరీక్ష

కాగితపు పట్టీని మణికట్టు చుట్టూ, వాచీ పెట్టుకునే చోట చుట్టి చుట్టుకొలత తీసుకోండి. అంతకంటే ముఖ్యమైనది పైభాగంలో చదునుగా ఉండే వెడల్పు. చేయి బల్లపై ఆనించి స్కేలుతో కొలవండి.

తరువాత గట్టి అట్టను రెండు వాచీల ఆకారాల్లో కత్తిరించండి. వ్యాసం కంటే కొమ్ము నుంచి కొమ్ముకు ఉండే పొడవు అసలైన కొలత. ఆ పొడవు మీ మణికట్టు చదును వెడల్పును దాటితే, 38 మి.మీ. వాచీ కూడా పళ్లెంలా కనిపిస్తుంది. మందం తెలియడానికి అట్టలను ఒకదానిపై ఒకటి అంటించి, చొక్కా మణికట్టు బొత్తాం పెట్టి చూడండి, 13 మి.మీ. దాటితే బొత్తాం దగ్గర ఆగుతుంది.

ఫోనును దగ్గరగా పెట్టి తీసిన ఫొటోలో వాచీ అసలు కంటే పెద్దదిగా పడుతుంది. అట్టముక్కను కట్టుకుని నిలువుటద్దం ముందు నిలబడి చూసేదే సరైన చూపు.

5. చెమట, ఉప్పుగాలి, వర్షం

గోపాల్‌పూర్ తీరం నుంచి బరంపురం దాకా గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. వేసవిలో చెమట సంగతి చెప్పనక్కరలేదు. అందువల్ల ఇక్కడ నీటి నిరోధకతను ఈతకొట్టేవారి విషయంగా కాక అందరి విషయంగా చూడాలి.

డయల్‌పై 30 మీటర్లు అని ఉంటే అది 30 మీటర్ల లోతుకు మునగవచ్చన్న హామీ కాదు. చేతులు కడుక్కోవడం, చినుకులు మాత్రమే తట్టుకుంటుందని అర్థం చేసుకోవాలి. ఏడాది పొడవునా రోజూ పెట్టుకునే ఏకైక వాచీ అయితే, 100 మీటర్లు, మర బిగించే కీ ఉన్నదానికే మొగ్గు చూపండి. మామూలు వాచీలకు ఐఎస్ఓ 22810, డైవింగ్ వాచీలకు ఐఎస్ఓ 6425 ప్రమాణాలున్నాయి. ప్రతి వాచీనీ పరీక్షించారా, కొన్ని నమూనాలనే పరీక్షించారా అన్నది తయారీదారును అడగవలసిన ప్రశ్న.

ఒకటి పెళ్లిళ్లకు, కచేరీకి మాత్రమే పెట్టుకునే సన్నని కీ వాచీ అయితే ఈ మెట్టులో దాన్ని శిక్షించనక్కరలేదు.

6. అద్దం, లోహం, పట్టీ

అద్దంలో ఎంపిక ప్రధానంగా సఫైర్, అక్రిలిక్ మధ్య ఉంటుంది. సఫైర్‌పై గీతలు పడటం కష్టం, గట్టి దెబ్బకు పగలవచ్చు. అక్రిలిక్‌పై గీతలు సులువుగా పడతాయి, కానీ పాలిష్ పేస్టుతో ఇంట్లోనే పోతాయి. న్యూయార్క్‌కు చెందిన లోరియర్ నెప్ట్యూన్‌కు అక్రిలిక్ అద్దం, ఫ్రాన్స్‌కు చెందిన బాల్టిక్ అక్వాస్కాఫ్‌కు సఫైర్ అద్దం. రెండూ మియోటా 9000 శ్రేణి మూవ్‌మెంట్లతో వచ్చిన డైవింగ్ తరహా వాచీలే. ఇలాంటి జంటలో మూవ్‌మెంట్ తగవు ఉండదు కాబట్టి అద్దంపై మీ ఓపిక ఎంతన్నదే తేల్చుతుంది.

స్టీలులో 316ఎల్ రకం చాలు. టైటానియం స్టీలులో సగం కంటే కాస్త ఎక్కువ బరువుంటుంది. చెమట పట్టే చేతికి హాయి, కానీ పైపూత లేకపోతే గీతలు తొందరగా కనిపిస్తాయి. కంచు కేసు సముద్రపు గాలికి చిలుము పడుతుంది. అది నచ్చేవారికే అది.

పట్టీ వెడల్పు 18, 20, 22 మి.మీ. అయితే ఏ ఊళ్లోనైనా మరో పట్టీ దొరుకుతుంది. 19, 21 అయితే ప్రతిసారీ ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి. తోలు పట్టీ మన వేసవిలో ఎక్కువ కాలం నిలవదు. రబ్బరు లేదా నైలాన్ పట్టీ ధరను కూడా లెక్కలో కలపండి.

7. ఇంటికి చేరేసరికి అయ్యే ధర

విదేశీ తయారీదారు వెబ్‌సైటులో కనిపించే ధర సగం కథే. వాచీ ధర, రవాణా, బీమా కలిపిన మొత్తంపై దిగుమతి సుంకం పడుతుంది. సుంకం కలిపిన మొత్తంపై ఐజీఎస్‌టీ (దిగుమతులపై వేసే జీఎస్‌టీ) పడుతుంది. ఆపైన కొరియర్ వారి నిర్వహణ రుసుము, కార్డుపై విదేశీ మారక రుసుము. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టే వారంలోనే కొరియర్ సంస్థను అడిగి, జవాబును రాతపూర్వకంగా ఉంచుకోండి. గుర్తింపు పత్రాలు కూడా అడుగుతారు.

బెంగళూరు వాచ్ కంపెనీ, జైపూర్ వాచ్ కంపెనీ, ఢిల్లీ వాచ్ కంపెనీ వంటి దేశీయ సంస్థల్లో కొంటే ఈ సుంకాల తలనొప్పి ఉండదు. మరో సంగతి: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, జాతీయ సహాయవాణి నంబరు 1915. విదేశీ విక్రేతపై ఈ ఆయుధం ఆచరణలో పనిచేయడం కష్టం. రెండు వాచీలు మిగతా అన్నింటిలో సమానమైతే ఈ ఒక్క తేడా దేశీయ వాచీ వైపు త్రాసును వంచడానికి చాలునని నేను భావిస్తాను.

చెల్లించే ముందు:

• మీ పిన్‌కోడుకు ఆ కొరియర్ ఇంటిదాకా ఇస్తుందో లేదో అడగండి. లోపలి బ్లాకుల్లో ఉన్నవారు పట్టణంలోని బంధువుల చిరునామా ఇవ్వడం మేలు.
• ముందస్తు బుకింగ్ అయితే చేరే తేదీ, డబ్బు వాపసు షరతు చదవండి. కొత్త అల్లుడికి పెట్టే వాచీని ముందస్తు బుకింగులో కొనవద్దు, ముహూర్తం ఆగదు.
• కార్డుతో చెల్లించండి, వ్యక్తిగత ఖాతాకు పంపవద్దు.
• తిరిగి అమ్మితే ఎంతొస్తుందన్న ఆలోచన లెక్కలోంచి తీసేయండి. చిన్న పేర్లకు మన దేశంలో కొనేవారు కొద్దిమందే.

8. ఇప్పుడు డయల్

ఇక్కడిదాకా రెండూ నిలిచాయంటే ఏది కొన్నా నష్టపోరు, కాబట్టి నచ్చినదాన్ని కొనండి. తేలకపోతే, రెండు వాచీల ఫొటోలను అసలు కొలతలో అచ్చువేయించి, పేర్లు కత్తిరించేసి, మీరు పనిచేసే బల్ల దగ్గర అంటించి వచ్చే జీతం దాకా ఉంచండి. చీకటి పడ్డాక, చేయిచాచినంత దూరం నుంచి గంట ముల్లును, నిమిషం ముల్లును తడుముకోకుండా గుర్తుపట్టగలుగుతున్నారా అన్నది చూడండి.

9. వాచీ చేరిన రోజు

పొట్లం విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. అంటించి ఉన్న పలుచని ప్లాస్టిక్ పొరలు వెంటనే పీకవద్దు. చాలా చోట్ల అవి తీస్తే వాచీని వాపసు తీసుకోరు.

• అద్దం కింద, డయల్‌పై దుమ్ము, వెంట్రుక, ముళ్లపై గీతలు ఉన్నాయా?
• 12 గంటలకు రెండు ముళ్లూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయా?
• కీ లాగితే సెకన్ల ముల్లు ఆగుతోందా? మర బిగింపు తేలిగ్గా పడుతోందా?
• ముళ్లను ముందుకు తిప్పితే తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మారుతోందా?

తేదీని రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య చూపుతున్నప్పుడు నేరుగా మార్చకూడదు. లోపలి పళ్లు విరిగే ప్రమాదం ఉంది. ముందుగా ముళ్లను 6 దగ్గరకు తెచ్చి, అప్పుడు తేదీ మార్చండి.

10. మొదటి నెలలో కనిపించే తేడాలు, సర్దుబాట్లు

రోజూ ఒకే సమయానికి ఫోను గడియారంతో పోల్చి, తేడాను సెకన్లలో రాయండి. ఒక్క రోజు తేడాతో కంగారుపడవద్దు, వారం సగటు చూడండి.

*రోజుకు కొన్ని సెకన్లు ముందుకు పోతోంది.* రాత్రి తీసిపెట్టే భంగిమ మార్చండి. డయల్ పైకి, కీ పైకి, కీ కిందికి ఒక్కో వారం పెట్టి చూస్తే, పగటి తేడాను సరిచేసే భంగిమ ఒకటి సాధారణంగా దొరుకుతుంది.

*ఉన్నట్టుండి రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పోతోంది.* అయస్కాంతం సోకి ఉండవచ్చు. స్పీకరు, ట్యాబ్లెట్ మూత, అయస్కాంతపు బిగింపు ఉన్న సంచి సాధారణ కారణాలు. ఫోనులోని దిక్సూచి దగ్గర వాచీ పెడితే సూచిక గట్టిగా ఊగుతుంది. మెకానిక్ దగ్గరి డీమాగ్నెటైజరుతో (అయస్కాంత ప్రభావాన్ని తీసేసే పరికరం) క్షణాల్లో పోతుంది. ఇది తెలియక సర్వీసింగుకు డబ్బు కట్టేవారున్నారు.

*ఉదయానికి ఆగిపోతోంది.* రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పని అయితే బరువు చక్రం చాలినంత తిరగదు. రెండు రోజులకోసారి కొద్దిగా కీ ఇవ్వండి. పూర్తిగా కీ ఇచ్చినా 30 గంటల లోపే ఆగితే వారంటీలో చూపించండి.

*అద్దం లోపల ఆవిరి పట్టింది.* బియ్యంలో పెట్టడం, కీ లాగి ఎండలో ఉంచడం రెండూ పొరపాట్లే. నూనె చెడుతుంది, దుమ్ము చేరుతుంది. అదే రోజు మూత తెరిపించి ఆరబెట్టించాలి, వాషర్లు మార్పించాలి.

*సముద్రానికి వెళ్లివచ్చారు.* కీ బిగించి ఉందని చూసుకుని మంచినీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడవండి. వేడినీరు, సబ్బు తగలనివ్వవద్దు. వాటివల్ల రబ్బరు వాషర్లు త్వరగా గట్టిపడతాయి.

ఎప్పుడు మూత తెరిపించినా వాషర్లు మార్చారా, ఒత్తిడి పరీక్ష చేశారా, వేగం ఎంత చూపిందన్న మూడు సంగతులు రసీదుపై రాయించుకోండి. మరమ్మతుకు వాచీని విదేశానికి పంపవలసివస్తే, కొన్న బిల్లు నకలును, "మరమ్మతు చేసి తిరిగి పంపడానికి" అని రాసిన పత్రాన్ని పొట్లంతో జతచేసి, మరో నకలు మీ దగ్గర ఉంచుకోవాలి. అవి లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు కొత్త సరుకుగా లెక్కగట్టి సుంకం అడిగే అవకాశం ఉంది.